మూసింది మీరు, అప్పు మాదా?

2020 ఏప్రిల్ 1. దేశం తలుపులు బిడాయించుకుని ఎనిమిదో రోజు. ఆ రోజు ఢిల్లీలో ఒక గెజిట్ నోటిఫికేషన్ వెలువడింది. దేశంలో సెల్‌ఫోన్లు తయారుచేసే పెద్ద కంపెనీలు పాత లెక్కకంటే అదనంగా ఎంత సరుకు అమ్మితే, ఆ అదనం మీద నాలుగు నుంచి ఆరు శాతం దాకా ప్రభుత్వమే ఎదురు డబ్బిస్తుంది. ఐదేళ్లపాటు. మొత్తం దాదాపు 41 వేల కోట్ల రూపాయలు. దీనికి వడ్డీ లేదు, వాయిదా లేదు, తిరిగి కట్టే ఊసే లేదు. అక్టోబర్‌లో ఎంపికైన కంపెనీల జాబితాలో మన చెన్నై పక్కనే శ్రీపెరుంబుదూర్‌లో ఫ్యాక్టరీ నడిపే ఫాక్స్‌కాన్ కూడా ఉంది. నవంబర్‌లో ఇదే పద్ధతిని మరో పది రంగాలకు చాపారు. 2021 బడ్జెట్ ప్రసంగం నాటికి లెక్క 1.97 లక్షల కోట్లకు చేరింది.

శ్రీపెరుంబుదూర్‌కి ఎంతో దూరం లేదు అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటు. 1964 నాటిది. అక్కడి సందుల్లో ఒక లేతు, ఒకటి రెండు డ్రిల్లింగ్ మిషన్లు, నలుగురైదుగురు పనివాళ్లతో బతికే జాబ్‌వర్క్ షెడ్లు కోకొల్లలు. వాటికి ఆ ఏడాది ఏం ఇచ్చారు? అప్పు. కోయంబేడు కూరగాయల వ్యాపారికి? అప్పు. పాండీబజార్ పక్క సందులో ఆంధ్రా మెస్సుకి? దానికి అప్పు కూడా పుట్టలేదు. ఆ కథ తర్వాత చెబుతాను.

సెల్‌ఫోన్ల పథకం కరోనా సాయం కాదు, ఉత్పత్తి ప్రోత్సాహకం అని నాకు పాఠం చెప్పడానికి కొందరు సిద్ధంగా ఉంటారు. తెలుసు. నా గొడవా అదే. ఇవ్వడం చేతకాని సర్కారైతే జాలిపడి ఊరుకునేవాణ్ణి. ఈ సర్కారుకి ఇవ్వడం బ్రహ్మాండంగా వచ్చు. 2019 సెప్టెంబర్‌లో కార్పొరేట్ పన్నును 30 శాతం నుంచి 22కి దించి, ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని తనే ప్రకటించింది. ఆరు నెలలు తిరిగేసరికి, తన ఆర్డరుతోనే షట్టర్ దించుకున్న చిన్నవాడు చెయ్యి చాపితే మాత్రం ఖజానా ఖాళీ, క్రమశిక్షణ ముఖ్యం, స్వయం సమృద్ధి నేర్చుకోండి.

మే 12 రాత్రి ప్రధాని టీవీలో ఇరవై లక్షల కోట్లన్నారు. జీడీపీలో పది శాతమన్నారు. దేశమంతా సున్నాలు లెక్కపెట్టుకుంది. మర్నాడు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ మూట విప్పారు. చిన్న పరిశ్రమలకు మూడు లక్షల కోట్లు. ఆహా అనుకునేలోపే అసలు సంగతి తెలిసింది: ఆ డబ్బు ప్రభుత్వానిది కాదు. బ్యాంకులిచ్చే అప్పు. ప్రభుత్వం కింద హామీ సంతకం పెడుతుంది, అంతే. 2020 ఫిబ్రవరి 29 నాటికి నీకు బ్యాంకులో ఎంత బాకీ ఉందో అందులో 20 శాతం కొత్తగా ఇస్తారు. వడ్డీ బ్యాంకైతే 9.25 శాతం దాకా, ఫైనాన్స్ కంపెనీ అయితే 14 శాతం దాకా. మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు, వడ్డీ మాత్రం కట్టాలి. తర్వాత మూడేళ్లలో అసలు తీర్చాలి. ఈ పథకాన్ని పెంచుకుంటూ పోయి 2022 బడ్జెట్ నాటికి ఐదు లక్షల కోట్లు చేశారు. ఇరవై లక్షల కోట్లలో బడ్జెట్ నుంచి నిజంగా బయటికొచ్చే సొమ్ము జీడీపీలో ఒక శాతం చుట్టూ ఉంటుందని ఆ వారంలోనే చాలామంది విశ్లేషకులు లెక్క తేల్చారు. తక్కినదంతా అప్పులు, హామీలు, ఎప్పటి నుంచో ఉన్న పథకాలకు కొత్త పేర్లు.

వీధి బండివాణ్ణీ వదల్లేదు. జూన్ 1న ప్రారంభించిన పీఎం స్వనిధి అతనికిచ్చింది పది వేలు. అదీ అప్పే. ఏడాదిలో తీర్చాలి, బుద్ధిగా తీరిస్తే వడ్డీలో ఏడు శాతం రాయితీ. దుకాణదారుడి సంగతి ఇంకా విచిత్రం. కిరాణా కొట్టు, బట్టల కొట్టు నడిపేవాణ్ణి 2021 జూలై దాకా చిన్న సంస్థల లెక్కలోనే చేర్చలేదు. చేర్చినప్పుడు కూడా, ప్రాధాన్య రంగం కింద బ్యాంకు అప్పు దొరకడానికి మాత్రమే అని షరతు పెట్టారు. ఏ తలుపు తట్టినా లోపల అప్పే కూర్చుని ఉంది.

ఇప్పుడు మెస్సు సంగతి. నడిపేది నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన మనిషి. టీనగర్‌లో మెస్సు చుట్టూ ఉన్న హాస్టళ్ల కుర్రాళ్లూ, ఆఫీసువాళ్లూ అతని గిరాకీ. పప్పు, రసం, గోంగూర, కందిపొడి, నెయ్యి. నెల టోకెన్లు ముందే కొని పెట్టుకునే బ్యాచిలర్లు చాలామంది. మార్చి చివరి వారంలో ఆ కుర్రాళ్లంతా ఊళ్లకు పోయారు. పోయినవాళ్లలో కొందరు మిగిలిన టోకెన్లకు డబ్బు వెనక్కి పంపమని ఫోన్లు. ఫ్రిజ్జులో పెరుగు, గంపల్లో కూరలు ఎవరికి పెట్టాలి? వంట మాస్టరు ఒడిశా పోతానన్నాడు, బండి దొరక్క మెస్సులోనే పడుకున్నాడు. అతనికి తిండీ, సగం జీతం. గ్యాస్ బండలు నిండుగా మూల నిలబడ్డాయి. ఇంటివాడు మంచివాడేనట, ఖాళీ చేయమనలేదు. ‘‘అద్దె ఇవ్వలేకపోతే అడ్వాన్సులో తగ్గించుకుంటాలే’’ అన్నాడు. మద్రాసులో పది నెలల అద్దె అడ్వాన్సు కట్టి కొట్టు పట్టుకున్నవాళ్లకు ఆ మాటకి అర్థమేమిటో తెలుసు. ఆడపిల్ల పెళ్లికని తలుచుకుని దాచుకున్న డబ్బులాంటిది ఆ అడ్వాన్సు. అది నెలనెలా కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

జూన్‌లో పార్శిళ్లకు తెరిచాడు. నెల తిరక్కుండానే జూన్ 19 నుంచి చెన్నైలో మళ్లీ కట్టడి. జూలైలో ఈ హామీ అప్పు సంగతి పేపర్లో చూసి బ్యాంకుకి వెళ్లొచ్చాడు. ఏమన్నారని అడిగాను.

‘‘నీకు పాత లోను ఎంతుందయ్యా అన్నాడన్నా మేనేజరు. లేదు సార్, నేనెప్పుడూ తీసుకోలేదు అన్నాను. మరి దేని మీద ఇరవై శాతం ఇయ్యమంటావు అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలా.’’

మేనేజరు తప్పు చెప్పలేదు. పథకం అలాగే రాసుంది. సున్నాలో ఇరవై శాతం సున్నా. పదేళ్లు వ్యాపారం చేసి ఎవరి దగ్గరా చెయ్యి చాపనివాడికి ఈ దేశం ఇచ్చిన మర్యాద అది. అప్పులున్నవాడికి మరో అప్పు, లేనివాడికి బయటికి దారి. అతను చివరికి ఏం చేశాడు? రోజువారీ వడ్డీకి తెచ్చాడు. మన తమిళనాడులో మీటర్ వడ్డీ, కందువడ్డీ, తండల్ అంటూ ఒక్కొక్కటీ పేరుపేరునా రాసి మరీ నిషేధించిన చట్టం 2003 నుంచి ఉంది. ఆ చట్టం ఉన్న సంగతి అప్పిచ్చినవాడికీ తెలుసు, తీసుకున్నవాడికీ తెలుసు. చట్టబద్ధమైన డబ్బు దొరకనప్పుడు ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు.

కోయంబేడుది వేరే వరస. 1996లో కొత్వాల్ చావడి నుంచి తరలించిన ఆ మార్కెట్టును, కరోనా అక్కణ్ణుంచే రాష్ట్రమంతా పాకుతోందని 2020 మే 5న మూసేశారు. మూయడం సరైన పనే కావచ్చు. వ్యాపారుల్ని తిరుమళిసై మైదానానికి పొమ్మన్నారు. వాన పడితే అక్కడ బురద. టోకు కూరగాయల వ్యాపారులు తిరిగి కోయంబేడు గేటు లోపలికి వచ్చింది సెప్టెంబర్ 28న. చిల్లర కొట్లవాళ్లకు ఇంకా ఆలస్యం. ఆ నెలల్లో వాళ్ల కుళ్లిపోయిన సరుకు, పోయిన పాత ఖాతాలు, తిరుమళిసైకి తోలిన లారీ బాడుగలు ఏ ప్యాకేజీలోనూ ఎవరి పద్దులోనూ లేవు.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి, లేకపోతే నన్ను కట్టడికే వ్యతిరేకి అనుకునే ప్రమాదం ఉంది. ప్రాణాలు కాపాడాలంటే కొట్లు మూయించాల్సిందే అని నేనూ ఒప్పుకుంటాను. కానీ లాభం అందరిదీ అయినప్పుడు ఖర్చు ఒక్కడిదెలా అవుతుంది? క్షౌరశాల మూస్తే వైరస్ ఆగింది ఊరందరికీ. రోజు సంపాదన పోయింది ఒక్క మంగలికి. రోడ్డు వెడల్పు చేయడానికి ఇల్లు కొడితే పరిహారమిస్తారు, ఇల్లు పోయినవాడి మీద దయతో కాదు, ఊరి అవసరం ఊరే భరించాలన్న న్యాయంతో. కొట్టు మూతకు ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

ఇది నా సొంత తర్కమైతే తోసేయండి. చట్టంలోనే ఉంది. దేశాన్ని మూసింది 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద. ఆ చట్టంలో 51వ సెక్షన్ ఉంది: ఆదేశం ధిక్కరించి కొట్టు తెరిస్తే ఏడాది దాకా జైలు. ఆ సెక్షన్‌ను ప్రతి పోలీస్ స్టేషన్‌కూ కంఠతా పట్టించారు. 65, 66 సెక్షన్లు ఉన్నాయి: విపత్తు పనులకు ప్రభుత్వం నీ బండినో, నీ స్థలాన్నో స్వాధీనం చేసుకుంటే నీకు పరిహారం చెల్లించాలి. అంటే నీ మెస్సును క్వారంటైన్ కేంద్రానికి తీసుకుంటే డబ్బిస్తారు, తాళం వేయించి ఖాళీగా ఉంచితే ఇవ్వరు. ఇక 12వ సెక్షన్. విపత్తు బాధితులకు కనీస సాయం ఏమిటో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు రూపొందించాలి. అందులో ప్రాణనష్టానికి, ఇళ్ల నష్టానికి, జీవనోపాధి తిరిగి నిలబెట్టుకోవడానికి ఇచ్చే సాయాలు మూడూ ఉండాలి. 2020 నాటి చట్టంలో ఉన్న మాటలివి.

ఈ సెక్షన్ ఎంత కష్టం మీద కదిలిందో చూడండి. 2020 మార్చి 14న కరోనాను విపత్తుగా గుర్తిస్తూ కేంద్ర హోం శాఖ పంపిన ఉత్తర్వులో మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల పరిహారం అని ఉంది. అదే రోజు సవరించిన మరో ఉత్తర్వు వచ్చింది, అందులో ఆ వాక్యం లేదు. ఏడాది దాటాక, 2021 జూన్ 30న, 12వ సెక్షన్ ఇష్టమైతే పాటించేది కాదు, పాటించి తీరాల్సిందే అని సుప్రీంకోర్టు చెబితే తప్ప మృతుడికి 50 వేల లెక్క తేలలేదు. అదే సెక్షన్‌లో, అదే వాక్యంలో ఉన్న జీవనోపాధి మాట మాత్రం అలాగే ఉండిపోయింది. దాని కోసం మన వ్యాపార సంఘాలు సుప్రీంకోర్టు మెట్లెక్కి కూర్చోవాల్సింది. పన్ను గడువు పొడిగించండి, వడ్డీ తగ్గించండి అంటూ వినతి పత్రాలిచ్చి ఫొటోలు దిగడంతో సరిపెట్టుకున్నాయి. వాళ్లమీదా నాకు కోపమే.

కోర్టుకెళ్తే ఒరిగేదేముంది అంటారా? ఒక మచ్చు చూపిస్తాను. కోడంబాక్కంలో రజనీకాంత్‌కి రాఘవేంద్ర కల్యాణ మండపం ఉంది. మార్చి చివరి నుంచి పెళ్లిళ్లు లేవు, రాబడి లేదు. ఆ ఆరు నెలలకు చెన్నై కార్పొరేషన్ ఆరున్నర లక్షల ఆస్తి పన్ను నోటీసిచ్చింది. ఖాళీగా ఉన్నదానికి తగ్గింపు కావాలని ఆయన మద్రాసు హైకోర్టుకెళ్లారు. కార్పొరేషన్ జవాబు కోసం ఆగకుండా వచ్చారని, ఖర్చులు విధించాల్సి వస్తుందని కోర్టు హెచ్చరించింది. 2020 అక్టోబర్‌లో ఆయన పిటిషన్ వెనక్కి తీసుకుని పన్ను కట్టేశారు. అనుభవమే పాఠం అన్నట్టు ట్వీటు కూడా పెట్టారు. సూపర్‌స్టార్ సంగతే ఇలా తేలితే అద్దె మెస్సువాడు ఏ మొహం పెట్టుకుని గేటు దాటుతాడు?

రాష్ట్రాలన్నీ చేతులు ముడుచుకుని కూర్చున్నాయని అనను. కొన్ని ఇచ్చాయి. ఎలా ఇచ్చాయో చూస్తే కొంత సిగ్గు, కొంత ఆశ రెండూ కలుగుతాయి. కర్ణాటకలో అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప 2020 మే 6న మంగళ్లకు, చాకళ్లకు, ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు తలా ఐదు వేలు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో జూన్ 10న జగనన్న చేదోడు కింద దర్జీలు, రజకులు, నాయీబ్రాహ్మణులు రెండున్నర లక్షల మందికి దగ్గర దగ్గరగా తలా పది వేలు ఖాతాల్లో పడ్డాయి. అప్పు కాదు, నికరమైన డబ్బు. తమిళనాడు మంగళ్లకు రెండు వేలు ఇచ్చింది. సరిహద్దు దాటితే ఒకే వృత్తికి ఒకే కష్టానికి పది వేలు, ఐదు వేలు, రెండు వేలు అని మూడు వెలలు! సూళ్లూరుపేటలో కత్తెర పట్టిన తమ్ముడికి పది వేలు వచ్చాయి. గంటన్నర దూరంలో చాకలిపేటలో అదే కత్తెర పట్టిన అన్నకు రెండు వేలే. మద్రాసు తెలుగువాడి బతుకు ఎప్పుడూ ఇంతే, అక్కడివాళ్లకి ఇక్కడివాడు, ఇక్కడివాళ్లకి అక్కడివాడు.

ఆంధ్రలో చిన్న పరిశ్రమలకు ప్రకటించిన ‘రీస్టార్ట్’ను కూడా మెచ్చుకుంటూనే కాస్త గిల్లాలి. 2020 మేలో 1,110 కోట్లన్నారు. ఏప్రిల్, మే, జూన్ నెలల కరెంటు స్థిర చార్జీలు మాఫీ చేశారు, అది నిజమైన ఊరట. కానీ మొత్తంలో పెద్ద ముక్క ఏమిటి? 2014-15 నుంచి పరిశ్రమలకు ప్రభుత్వమే బాకీపడ్డ ప్రోత్సాహకాలు. ఎప్పుడో ఇవ్వాల్సిన బాకీని కష్టకాలంలో చెల్లించి, దానికి సాయం అని పేరుపెట్టారు. తమిళనాడులోనూ 2021 మేలో చిన్న పరిశ్రమలకు చెప్పిన ఊరటలో ముఖ్యమైనది పెట్టుబడి రాయితీ సొమ్మును ముందుగా విడుదల చేయడం. కేంద్రమూ అంతే: చిన్న సంస్థలకు ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వరంగ కంపెనీలు పడ్డ బకాయిలు 45 రోజుల్లో తీరుస్తామని 2020 మే 13న వరంలా ప్రకటించింది. 45 రోజుల గడువు 2006 చట్టంలోనే ఉంది! దాటితే చక్రవడ్డీతో కట్టాలని కూడా ఉంది. చట్టం ప్రకారం నడుచుకుంటాం అని చెప్పడమే ఈ దేశంలో ప్యాకేజీ.

ఇక, అలా పంచడం అసాధ్యం, మనది పెద్ద దేశం, దొంగలు తినేస్తారు అనే పాట. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2021 మే, జూన్‌లలో ఇదే తమిళనాడులో స్టాలిన్ ప్రభుత్వం వచ్చీ రాగానే 2.07 కోట్ల రేషన్ కార్డులకు రెండు విడతల్లో నాలుగు వేల చొప్పున పంచింది. మొదటి విడతకే నాలుగు వేల కోట్లు దాటింది. రేషన్ షాపుల్లో, టోకెన్లిచ్చి, వారాల్లో. రెండు కోట్ల ఇళ్లకు డబ్బు చేర్చగలిగిన యంత్రాంగానికి, 2015-16 జాతీయ సర్వే ప్రకారం రాష్ట్రంలో ఉన్న యాభై లక్షలకు కాస్త తక్కువ చిన్న సంస్థలు భారమా? పైగా 2017 నుంచి జీఎస్టీ ఉంది. రిటర్ను ఒక్కరోజు ఆలస్యమైతే జరిమానా నోటీసు పంపే కంప్యూటర్‌కి, ఎవరి టర్నోవరు 2019 ఏప్రిల్‌లో ఎంత, 2020 ఏప్రిల్‌లో ఎంత అన్నది ఒక్క నొక్కుతో తెలిసే సంగతి. పిండుకోవడానికి పనికొచ్చిన లెక్క పెట్టడానికి పనికిరాలేదు. జీఎస్టీ లేనివాడికి కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు ఉంది, కరెంటు మీటరు ఉంది. మనసుండాలి గానీ గుర్తులకేం కొదవ?

బయట దేశాల్లో చేసి చూపించారు. ఇంగ్లండ్‌లో హోటళ్లకు, దుకాణాలకు ఆ స్థలం పన్ను విలువను బట్టి పది వేల పౌండ్లు లేదా పాతిక వేల పౌండ్లు గ్రాంటుగా ఇచ్చారు. వేరే సర్వేలు చేయలేదు, చేతిలో ఉన్న పన్ను పుస్తకమే జాబితా. సొంత పని చేసుకునేవాళ్లకు పాత లాభాల్లో 80 శాతం లెక్కన, మొదటి విడతలో 7,500 పౌండ్ల దాకా. ఈస్ట్‌హామ్‌లో దోసెల హోటలు పెట్టుకున్న మనవాడు మన టీనగర్ మెస్సు యజమానికి ఏ విధంగానూ ఎక్కువవాడు కాదు, అతని షట్టర్ దించమన్న సర్కారు వేరు, అంతే. జర్మనీలో ఐదుగురిలోపు పనివాళ్లున్న సంస్థకు తొమ్మిది వేల యూరోల దాకా ముందు చేతిలో పెట్టి, తర్వాత లెక్క చూశారు. ఎక్కువ తీసుకున్నవాళ్లను వెనక్కి కట్టమన్నారు. మోసాలకు అదీ మందు: ముందు బతకనివ్వు, తర్వాత తనిఖీ చెయ్యి.

అమెరికాను మాత్రం నెత్తిన పెట్టుకోను. అక్కడి పేచెక్ పథకం దాదాపు 80 వేల కోట్ల డాలర్లు పోసింది. అందులో ఉద్యోగం పోయేవాడికి నిజంగా చేరింది 23 నుంచి 34 శాతమేనని డేవిడ్ ఆటర్, ఆయన సహచర ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. తక్కినది యజమానులకు, వాటాదార్లకు. 2021లో హోటళ్ల కోసం పెట్టిన 2,860 కోట్ల డాలర్ల నిధికి 2.78 లక్షల దరఖాస్తులు వస్తే, లక్ష మందికి ఇచ్చేసరికే అడుగంటింది. అదీ తప్పే. కానీ ఎక్కువ ఇచ్చి తప్పు చేయడానికీ, ఇవ్వకుండా ఒప్పు అనిపించుకోవడానికీ తేడా ఉంది. వాళ్ల తప్పును చూపించి మన సర్కారు తన పిసినారితనాన్ని వివేకం కింద చెలామణీ చేసుకుంది.

హామీ అప్పులు పనిచేశాయి కదా అని మరో వాదన. స్టేట్ బ్యాంకు పరిశోధన విభాగం 2022 జనవరిలో ఈ పథకం వల్ల 13.5 లక్షల ఖాతాలు మొండి బకాయిలు కాకుండా నిలబడ్డాయని రాసింది. కాదనను. నిలబడ్డవి ఎవరివి? ముందే బ్యాంకు ఖాతా పుస్తకంలో ఉన్నవాళ్లవి. ఆ అప్పు మొదట కాపాడింది బ్యాంకును, తర్వాత బాకీదారును. పోయిన ఆదాయానికి అప్పు మందు కానే కాదు, ఈ సంగతి ఏ షావుకారునడిగినా చెబుతాడు. పెట్టుబడి పెట్టడానికి చేసిన అప్పు రాబడి తెచ్చి తన్ను తానే తీర్చుకుంటుంది. మూసిన కొట్టుకి అద్దె కట్టడానికి చేసిన అప్పు ఏ రాబడీ తేదు, వచ్చే ఏళ్ల రాబడిని తింటుంది. వాయిదాల మారటోరియం సంగతీ అంతే. మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు వాయిదాలు ఆపారు, వడ్డీ మాత్రం పరుగు ఆపలేదు. ఆ వడ్డీ మీద వడ్డీ ఎవరికీ వేయొద్దని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

కేంద్రం నేరుగా డబ్బు పెట్టిన పని ఒకటుంది, దాన్ని దాచను. వందమందిలోపు పనివాళ్లుండి, అందులో 90 శాతం మంది జీతం 15 వేల లోపు ఉన్న సంస్థల్లో ఆ తక్కువ జీతాలవాళ్ల పీఎఫ్‌ను, యజమాని వాటా, కార్మికుడి వాటా రెండూ కలిపి, కొన్ని నెలలు ప్రభుత్వమే కట్టింది. మంచిదే. మెస్సు మాస్టరుకి పీఎఫ్ ఉంటే కదా!

ఇన్ని కొట్లు మూతపడ్డాయి కదా, ఎన్ని మళ్లీ తెరుచుకోలేదో చెప్పండి అని 2021లో పార్లమెంటులో అడిగారు. మూతపడ్డ చిన్న సంస్థల లెక్క మా శాఖ దగ్గర ఉండదు అని జవాబు. దారిలో చనిపోయిన వలస కూలీల లెక్క గురించి 2020 సెప్టెంబర్‌లో చెప్పిన జవాబుకిది సొంత తమ్ముడు. లెక్క పెడితే బాధ్యత వస్తుంది. అందుకే లెక్కే పెట్టరు.

పాత గొడవ, ఇప్పుడెందుకు అనేవాళ్లకు ఒక్క సంగతి. అప్పటి విపత్తు చట్టంలో 13వ సెక్షన్ అని ఒకటుండేది. తీవ్రమైన విపత్తుల్లో బాధితుల అప్పుల చెల్లింపులో ఊరట సిఫారసు చేసే అధికారం దానివల్లే. 2024 జూలైలో వయనాడ్‌లో కొండ కూలాక, బాధితుల అప్పుల మాఫీ విషయం కేరళ హైకోర్టులో విచారణకు వచ్చింది. 2025లో కేంద్రం ఏం జవాబిచ్చిందో తెలుసా? ఆ సెక్షన్‌ను సవరణ చట్టంలో తీసేశాం, కాబట్టి ఆ అధికారం మాకిప్పుడు లేదని. కరోనాలో వాడుకోలేదు, వయనాడ్‌లో అవసరమయ్యేసరికి అసలు లేకుండా పోయింది. వచ్చే మహమ్మారికో, 2015 డిసెంబర్ లాంటి మరో వరదకో మద్రాసు మళ్లీ మునిగినప్పుడు ఢిల్లీ వైపు చూసి లాభం లేదు.

కనుక అడగాల్సింది ఇక్కడే, రాష్ట్ర సచివాలయమున్న ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లో. ఈ కోటకు ఇది కొత్త పని కూడా కాదు. పానగల్ రాజా, మన పానగంటి రామరాయణింగారు, మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉండగా 1922లో పరిశ్రమలకు ప్రభుత్వ సాయం కోసం ఒక చట్టం చేశారు. అదీ ప్రధానంగా అప్పులిచ్చే చట్టమే, గొప్పలు పోను. కానీ దివాణం దయకు వదలకుండా, సాయానికి ఒక చట్టమంటూ ఉండాలని వందేళ్ల కిందటే ఈ ఊరు ఒప్పుకుంది. ఆయన పేరున్న పార్కు చుట్టూ ఇప్పుడు దక్షిణాదిలోకెల్లా పెద్ద బట్టల, నగల గిరాకీ నడుస్తోంది. ఆ వ్యాపారుల సంఘాలు, అంబత్తూరు సంఘాలు, కోయంబేడు సంఘాలు, మెస్సుల వాళ్లు, సెలూన్ల వాళ్లు కలిసి వచ్చే ఎన్నికల్లో ఓటడిగే ప్రతి అభ్యర్థి ముందూ ఒకే కాగితం పెట్టాలి. ప్రభుత్వ ఆదేశంతో వారం దాటి కొట్టు మూస్తే పదిహేనో రోజుకల్లా అద్దె, కనీస జీతాల లెక్కన గ్రాంటు ఖాతాలో పడాలి. అర్హతకు బ్యాంకు బాకీని కాక జీఎస్టీ రిటర్నునో, ట్రేడ్ లైసెన్సునో, కరెంటు మీటరునో చూడాలి. మూత కాలానికి కార్పొరేషన్ ఆస్తి పన్ను, కరెంటు స్థిర చార్జీ తమంతట తామే రద్దవ్వాలి, ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే. మూసేయమనే జీవో మొదటి పేజీ అయితే, ఎవరికెంత ఇస్తారో చెప్పే పట్టిక దాని రెండో పేజీగా అదే రోజు, అదే సంతకంతో రావాలి. రెండో పేజీ లేని జీవో చెల్లదని చట్టంలోనే రాయాలి.